తొర్రలో తల్లి పక్షి
వేడెక్కుతున్న లోకంలో వన్యప్రాణుల అనుకూలనం

సింగపూర్‌కు పడమటి దిక్కున ఉన్న బూన్ లే పేరు వినగానే అక్కడ కాపురమున్న తెలుగు కుటుంబాలకు బారులు తీరిన గృహసముదాయాలు, వాటికి ఆవల జురాంగ్ కర్మాగారాలు, ఎప్పుడూ రద్దీగా ఉండే రైలు స్టేషను కళ్ళకు కడతాయి. చాలాకాలంగా అక్కడ ఉంటున్నవారికి మరొక జ్ఞాపకం కూడా ఉంటుంది. స్వదేశం నుండి తాతయ్య, అమ్మమ్మ వచ్చినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని, బూన్ లేలో బస్సు ఎక్కి, జురాంగ్ కొండ వాలున ఉన్న పక్షి ఉద్యానానికి వెళ్ళిన జ్ఞాపకమది. 1971 జనవరి 3న ప్రారంభమైన ఆ ఉద్యానం సరిగ్గా 52 సంవత్సరాలు నడిచి, 2023 జనవరి 3న మూతపడింది. అక్కడి పక్షులు మండాయ్ ప్రాంతానికి తరలి, అదే ఏడాది మే నెలలో ‘బర్డ్ పారడైజ్’ అనే కొత్త పేరుతో సందర్శకులకు దర్శనమిచ్చాయి.

ఆ ఉద్యానంలో ఒకసారి చూసినవారు మరచిపోలేని పక్షి హార్న్‌బిల్. పొడవుగా వంపు తిరిగిన ముక్కు, దాని మీద మరొక చిన్న ముక్కును బోర్లించినట్లు కనిపించే కొమ్ము, ఎగిరేటప్పుడు రెక్కల నుండి వచ్చే పెద్ద చప్పుడు దాని గుర్తులు. నలుపు తెలుపు రంగుల ఓరియంటల్ పైడ్ హార్న్‌బిల్ సింగపూర్ అడవులకు చెందినది. దానికి దగ్గరి బంధువైన మలబార్ పైడ్ హార్న్‌బిల్ మన తూర్పు కనుమల అడవుల్లో నివసిస్తుంది. బూడిదరంగు హార్న్‌బిల్‌ను తెలుగునాట పాత చెట్లున్న తోటల్లో కూడా చూడవచ్చు.

ఈ పక్షి సంసారం చిత్రమైనది. గుడ్లు పెట్టే వేళకు ఆడపక్షి చెట్టు తొర్రలో ప్రవేశించి మట్టి, రెట్ట, ఆహారపు తుక్కు కలిపి ద్వారాన్ని మూసివేసుకుంటుంది. ముక్కు కొన పట్టేంత సన్నని చీలిక మాత్రమే మిగులుతుంది. మగపక్షి మర్రి, రావి, జువ్వి జాతుల పండ్లను, పురుగులను, బల్లులను తెచ్చి ఆ చీలిక గుండా అందిస్తుంది. గుడ్లు పొదిగి, పిల్లలు పెరిగే వరకు, అనగా రెండున్నర మూడు నెలలపాటు ఆ ఇల్లాలికి అదే లోకం. పాము రాకుండా, కోతి చేయి పెట్టకుండా కాపాడే కోట అది. అయితే బయట ఎండ ముదిరి తొర్ర వేడెక్కినప్పుడు ఆ తల్లి ఎక్కడికి పోగలదు?

మారుతున్న వాతావరణంలో వన్యప్రాణుల మనుగడ గురించి అడగవలసిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నాయి. దీనికి సమాధానం చెప్పుకొనే ముందు ప్రాణులకు ప్రకృతి ఇచ్చిన ఉపాయాలేమిటో తెలుసుకోవడం అవసరం.

అనుకూలనం అనగా నేమి?

ఒక్కరోజు ఎండను, వానను చూసి శీతోష్ణస్థితి మారిందని చెప్పలేము. దశాబ్దాల సగటును చూడాలి. 1850–1900 మధ్యకాలపు సగటుతో పోలిస్తే 2011–2020 దశకంలో భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 2024లో ఈ పెరుగుదల మొదటిసారిగా ఒక పూర్తి సంవత్సరం సగటులో 1.5 డిగ్రీలను దాటింది. సింగపూర్‌లో ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం నుండి దశాబ్దానికి సుమారు పావు డిగ్రీ చొప్పున వేడి పెరుగుతూ వచ్చింది. ఇందులో లోకమంతటా పెరిగిన వేడితోపాటు కాంక్రీటు, తారు పట్టి ఉంచే నగరపు వేడి కూడా కలిసి ఉంది.

ఈ మార్పుకు ప్రాణి సరిపడే తీరు రెండు విధాలు. మొదటిది ఒక జీవి తన జీవితకాలంలో చేసుకొనే సర్దుబాటు. రెంటచింతల ఎండలను తట్టుకున్న మనిషి కూడా సింగపూర్ ఉక్కకు మొదటి రోజుల్లో విలవిలలాడతాడు. వారం పదిరోజులు గడిచేసరికి శరీరం చెమట పట్టే పద్ధతిని మార్చుకొని కొంత కుదుటపడుతుంది. ఇది సర్దుబాటు. ఈ గుణం అతని బిడ్డకు పుట్టుకతో సంక్రమించదు.

రెండవది తరతరాలుగా జరిగే పరిణామం. ఒక జాతిలో అన్ని జీవులూ ఒక్కలాగే ఉండవు. కొత్త పరిస్థితికి సరిపడే గుణమున్నవి ఎక్కువ సంఖ్యలో బతికి, ఎక్కువ పిల్లలను కంటాయి. ఆ గుణం వంశపారంపర్యంగా వచ్చేదైతే తరువాతి తరంలో దాని వాటా పెరుగుతుంది. దీనినే సహజ వరణం అంటారు. ఇక్కడ మారేది ఒక జీవి కాదు, జాతి. అది మారడానికి తరాలు పడుతుంది. అంతేకాక, మిగిలినవి నశించడం ద్వారానే ఆ మార్పు జరుగుతుంది. ‘ప్రాణులు ఎలాగో అలవాటు పడతాయిలే’ అని తేలికగా అనేవారు ఈ రెండవ మాటను మరచిపోతారు.

ఈ రెండు విధాలలోనూ ప్రాణి చేయగల పనులు మూడే. చోటు మార్చవచ్చు, కాలం మార్చవచ్చు, లేదా ఒడలు మార్చవచ్చు.

చోటు మార్చడం

రెక్కలున్నవాటికి అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఇది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని తేలినీలాపురం ఇందుకు చక్కని ఉదాహరణ. ఏటా వర్షాకాలం చివర ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఆ ఊరి చెట్లమీదికి చేరి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. గ్రామస్థులు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. ఎవరూ రాయి విసరరు. అవి రావడం ఆలస్యమైతే ఊరు దిగులుపడుతుంది.

ఈ పక్షులు సైబీరియా నుండి వస్తాయని చాలామంది నమ్మకం. నిజానికి ఈ రెండు జాతులూ భారతదేశంలోనే గూళ్ళు పెట్టేవి. నీరు, చేపలు ఎక్కడ ఉంటే అక్కడికి దేశంలోనే తిరుగుతూ ఉంటాయి. వానలు కురిసి చెరువులు, మడుగులు నిండితేనే పిల్లలకు చేపలు దొరుకుతాయి. కావున వానల తీరు మారితే వాటి ప్రయాణం కూడా మారుతుంది. ఒక ఊరి చెరువు ఎండితే మరొక ఊరు వెదకుకొంటాయి. ఆ మరొక ఊరిలో చెరువు, చెరువు దగ్గర పెద్ద చెట్టు, ఆ చెట్టు కింద దయగల మనుషులు ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో శ్రీకాకుళం జిల్లాలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. గూడు కట్టదగిన చెట్టు తిరిగి ఎదగడానికి ఎన్ని ఏళ్ళు పడుతుందో ఊహించుకోవచ్చు.

లోకమంతటా ఇదే కదలిక కనిపిస్తున్నది. వేడి పెరిగినకొద్దీ అనేక జాతులు ధ్రువాల వైపుకో, కొండల పైకో జరుగుతున్నాయి. అయితే కొండకు శిఖరం ఉంటుంది. శిఖరం చేరిన జీవికి ఇక పైన చోటు లేదు. ద్వీపవాసుల గతి కూడా అంతే. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అనే చిన్న ఇసుక దిబ్బ ఉంది. దానిమీద మాత్రమే ఒక జాతి ఎలుక నివసించేది. పొంగివచ్చే సముద్రపు నీరు మాటిమాటికీ దిబ్బను ముంచడంతో మొక్కలు నశించాయి, వాటితో ఎలుకలూ నశించాయి. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ జాతి అంతరించినట్లు ప్రకటించింది. మానవుల వలన మారిన వాతావరణానికి బలియైన తొలి క్షీరదంగా దానిని పేర్కొంటారు. పోవడానికి చోటు లేకపోవడమే దాని మరణానికి కారణం.

కాలం మార్చడం

ఉగాది వచ్చిందంటే కోకిల కూస్తుందని తెలుగు పిల్లలు పాఠాలలో చదువుతారు. బూన్ లేలో పెరిగే పిల్లలకు ఇది కొంత వింతగా తోస్తుంది. అక్కడ వసంతమనే ఋతువు లేదు. కాని కోకిల ఉంది. తెల్లవారకముందే ఇళ్ళ మధ్య చెట్లలో గొంతెత్తి, నిద్రపోనివ్వడం లేదని ఇరుగుపొరుగు విసుక్కొనేంతగా కూస్తుంది. కోకిల కూతకు మామిడి చిగురు కారణమని కవులు అన్నారు. కాకి గూడు కట్టే కాలం కారణమని పక్షిశాస్త్రజ్ఞులు అంటారు. కోకిల తన గుడ్డును కాకి గూటిలో పెడుతుంది కనుక కాకి పంచాంగమే కోకిలకూ పంచాంగం. సింగపూర్‌లోనూ కాకులున్నాయి, వాటి గూళ్ళలో కోకిల పిల్లలూ పెరుగుతున్నాయి.

మరి ఏ కాలంలో గూడు కట్టాలో పక్షికి ఎవరు చెబుతారు? చాలా జాతులకు పగటి నిడివి చెబుతుంది. హైదరాబాదులో సంవత్సరంలోని అతి పొడవైన పగటికి, అతి చిన్న పగటికి సుమారు రెండు గంటల తేడా ఉంటుంది. భూమధ్యరేఖకు ఆనుకొని ఉన్న సింగపూర్‌లో ఆ తేడా తొమ్మిది నిమిషాలే. అందువలన అక్కడి ప్రాణులలో చాలావాటికి వానలు, పూత, పండ్లు కాలాన్ని సూచించే గుర్తులు. ఉత్తర దేశాలకు పోయినకొద్దీ పగటి నిడివి బలమైన గడియారం అవుతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. పగటి నిడివి భూమి వంపును బట్టి వచ్చేది. వాతావరణం ఎంత వేడెక్కినా అది మారదు. కాని మొక్కల చిగురు, వాటిని తినే గొంగళిపురుగులు వేడిని బట్టి ముందుకు జరుగుతాయి. ఒకే ఇంట్లో రెండు గడియారాలు వేర్వేరు సమయాలు చూపినట్లు అవుతుంది. యూరపులోని గ్రేట్ టిట్ అనే చిన్న పక్షి తన పిల్లలను గొంగళిపురుగులతో పెంచుతుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని అడవిలో 1961 నుండి ఈ పక్షుల గూళ్ళను లెక్కించినప్పుడు, 47 ఏళ్ళలో అవి గుడ్లు పెట్టే తేదీ సుమారు రెండు వారాలు ముందుకు జరిగిందని తేలింది. అక్కడి పక్షులు పురుగులతో సమంగా నడిచాయి. నెదర్లాండ్స్‌లోని ఒక అడవిలో మాత్రం అదే జాతి పక్షులు వెనుకబడ్డాయి. పురుగులు ముందుగా పుట్టి ముందుగా ముగిసిపోతుండగా, గూటిలో పిల్లలు ఆలస్యంగా నోరు తెరిచాయి. ఒకే జాతి ఒకచోట నెగ్గి మరొకచోట తడబడిందంటే, అనుకూలనం అనేది జాతికి పుట్టుకతో వచ్చిన వరం ఒక్కటే కాదని, చుట్టూ ఉన్న పరిసరాల మీద కూడా ఆధారపడుతుందని గ్రహించాలి.

ఒడలు మార్చడం

పక్షులకు స్వేదగ్రంథులు లేవు. అవి ముక్కు తెరచి రొప్పుతూ, నోటిలోని తడిని ఆవిరి చేసి చల్లబడతాయి. ముక్కు గుండా కూడా వేడిని బయటికి పంపుతాయి. రక్తప్రసరణ గల ముక్కు మీద ఈకలు ఉండవు కనుక అది వేడిని సులభంగా వదులుతుంది. హార్న్‌బిల్, టూకన్ వంటి పక్షుల పెద్ద ముక్కు ఈ పనికి బాగా ఉపయోగపడుతుందని ఉష్ణచిత్రాలు తీసి నిరూపించారు. ఆస్ట్రేలియాలో సంగ్రహాలయాలలో భద్రపరచిన చిలుకలను కొలిచినప్పుడు, 1871 నుండి కొన్ని జాతుల ముక్కు పరిమాణం 4 నుండి 10 శాతం వరకు పెరిగినట్లు 2021లో వెల్లడైంది. వేడి ఇందుకు ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఫిన్లాండులోని గుడ్లగూబల కథ మరింత స్పష్టమైనది. అక్కడి టానీ గుడ్లగూబలలో బూడిదరంగువి, గోధుమరంగువి అని రెండు రకాలున్నాయి. ఈ రంగు వంశపారంపర్యంగా వస్తుంది. మంచు దట్టంగా కురిసిన శీతకాలాల్లో గోధుమరంగువి ఎక్కువగా చనిపోయేవి. మంచు తగ్గుతూ రావడంతో అవి బతికి బట్టకట్టాయి. 1960 దశకంలో సుమారు 30 శాతం ఉన్న వాటి వాటా, 2010 నాటికి సగం వరకు పెరిగింది. కళ్ళ ముందే సహజ వరణం జరిగిన అరుదైన సందర్భమిది.

అయితే ఒడలిలో కనిపించే ప్రతి మార్పూ మేలు కాదు. రెడ్ నాట్ అనే తీరపక్షి ఉత్తర సైబీరియాలో గుడ్లు పెట్టి, శీతకాలానికి పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేరుతుంది. మూడు దశాబ్దాల కాలంలో దాని జన్మస్థలంలో మంచు కరిగే తేదీ ఏడాదికి సుమారు అరరోజు చొప్పున ముందుకు జరిగింది. మంచు త్వరగా కరిగిన ఏళ్ళలో పురుగుల కాలం ముందే ముగిసి, పిల్లలకు తిండి చాలక, చిన్న శరీరంతో, పొట్టి ముక్కుతో పెరిగాయి. ఆ నష్టం సైబీరియాలో బయటపడలేదు. వేల మైళ్ళ దూరాన, ఆఫ్రికా బురదనేలలో లోతుగా ఉన్న గుల్లలను పొట్టి ముక్కు అందుకోలేకపోయినప్పుడు బయటపడింది. పొట్టి ముక్కు పక్షులు తొలి ఏడాదిలోనే ఎక్కువగా చనిపోయాయి. 2016లో వెలువడిన ఈ పరిశోధన ఒక హెచ్చరిక. చిన్నబడిన శరీరం ఒక్కొక్కప్పుడు అనుకూలనానికి కాక, ఆకలికి గుర్తు కావచ్చు. బూన్ లేకు ఉత్తరాన ఉన్న సుంగే బులో తడినేలలకు, మన పులికాట్ సరస్సుకు కూడా ఏటా ఉత్తరాది దేశాల నుండి తీరపక్షులు వస్తాయి. వాటి ఆరోగ్యం ఆ తడినేలల మీదనే కాక, మనకు కనబడని దూరదేశపు మంచు మీద కూడా ఆధారపడి ఉంది.

ఇసుకలో తేలే లెక్క

మూడు ఉపాయాలూ ఒకేచోట పరీక్షకు నిలిచే ప్రాణి సముద్రపు తాబేలు. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఆంధ్ర తీరంలో శీతకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. పుట్టబోయే పిల్ల ఆడదా, మగదా అన్నది ఆ ఇసుక వేడి నిర్ణయిస్తుంది. ఇసుక చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువగా పుడతాయి. 29, 30 డిగ్రీల ప్రాంతంలో రెండూ ఇంచుమించు సమంగా ఉంటాయి. మరీ వేడెక్కితే గుడ్లే చెడిపోతాయి. ఆస్ట్రేలియాలో మహా పగడాల దిబ్బకు ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్ళను పరిశీలించినప్పుడు, పెరుగుతున్న వయసులో ఉన్నవాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో తేలింది.

తల్లి తాబేలు కొన్ని వారాలు ముందుగా రావచ్చు, లేదా చల్లని తీరాన్ని వెదకుకోవచ్చు. తరాలు గడిస్తే వేడికి ఓర్చే గుడ్లు మిగలవచ్చు. కాని తాబేలు ఈడుకు రావడానికే పది పదిహేనేళ్ళు, కొన్ని జాతులకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. తరం ఎంత పొడవైతే జాతి మారడం అంత ఆలస్యం. దోమ ఒక ఏడాదిలో ఎన్నో తరాలు దాటుతుంది కనుక కొత్త వేడికి త్వరగా సరిపడగలదు. తాబేలుకు, ఏనుగుకు, హార్న్‌బిల్‌కు ఆ వెసులుబాటు లేదు. మానవుడు ఇష్టపడే ప్రాణుల కన్నా ఇష్టపడని ప్రాణులే త్వరగా అలవాటు పడడంలో రహస్యం చాలావరకు ఇదే.

కలహారి చెప్పిన లెక్క

ఇప్పుడు తొర్రలోని తల్లి దగ్గరికి తిరిగి రావచ్చు. దక్షిణ ఆఫ్రికాలోని కలహారి ఎడారి అంచున పసుపు ముక్కు హార్న్‌బిల్‌లు నివసిస్తాయి. అవి కూడా ద్వారం మూసుకొనే జాతికి చెందినవే. 2008 నుండి 2019 వరకు అక్కడ చెక్క గూళ్ళు ఏర్పాటు చేసి కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని గమనించారు. తొలి మూడు ఋతువులలో 52 శాతం గూళ్ళలో పక్షులు కాపురం పెట్టగా, చివరి మూడు ఋతువులలో అది 12 శాతానికి పడిపోయింది. కాపురం పెట్టినవాటిలో కనీసం ఒక్క పిల్లనైనా బయటికి పంపగలిగినవి 58 శాతం నుండి 17 శాతానికి తగ్గాయి. గూటికి సగటున 1.1 పిల్లలు ఉండగా 0.4కు దిగజారింది. రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 35.7 డిగ్రీలు దాటిన ప్రతిసారీ ఒక్క గూడు కూడా ఫలించలేదు.

ఎందువలన? వేడికి మగపక్షి ముక్కు తెరచి రొప్పుతుంది. ఆ ముక్కుతోనే అది పురుగును పట్టాలి. రొప్పుతున్నంతసేపూ వేట కుంటుపడుతుంది. ఎండకు జడిసి నీడలో కూర్చుంటే చీలిక దగ్గరికి ఆహారం చేరదు. లోపల తల్లి చిక్కిపోతుంది, పిల్లలు ఎదగవు.

మూడు ఉపాయాలనూ ఇక్కడ ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు. తల్లి చోటు మార్చలేదు, ఆమె తొర్రలో ఉంది. కాలం మార్చడమూ కష్టమే. ఆ పక్షులు వాన పడిన తరువాతనే గూడు పెడతాయి. కలహారిలో వాన వేసవిలోనే పడుతుంది. ఒడలు మార్చడానికి పది పన్నెండేళ్ళు చాలవు. పెద్ద ముక్కు కొంత వేడిని వదిలినా, గాలి వేడి శరీరపు వేడిని సమీపించినకొద్దీ ఆ ఉపాయం బలహీనపడుతుంది. ఈ లెక్కనే సాగితే ఇంచుమించు 2027 నాటికి ఆ పరిశోధనా స్థలంలో గూళ్ళ కాలమంతా ఆ హద్దును దాటిపోతుందని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. పెద్దపక్షులు ఎండదెబ్బకు రాలిపడకపోయినా, పిల్లలు లేక జాతి నిశ్శబ్దంగా తరిగిపోతుంది.

జురాంగ్ నేర్పే పాఠం

సింగపూర్ పరిస్థితి కలహారి వంటిది కాదు. అక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 31, 32 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37.0 డిగ్రీలు. అది మొదట నమోదైనది జురాంగ్‌కు పొరుగున ఉన్న తెంగాలో, 1983 ఏప్రిల్ 17న. 2023 మే 13న ఆంగ్ మో కియోలో మళ్ళీ అదే అంకె నమోదైంది. ఒక జాతికి కనుగొన్న హద్దును మరొక జాతికి యథాతథంగా వర్తింపజేయరాదు. అయితే ఒక భౌతిక సత్యాన్ని మరచిపోరాదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు తడి త్వరగా ఆవిరి కాదు. కావున ఉక్కపోతలో రొప్పడం వలన కలిగే చల్లదనం తగ్గుతుంది. మనుషులకు చెమట ఆరనట్లే పక్షికీ జరుగుతుంది.

సింగపూర్ హార్న్‌బిల్ కథలో ఆశాజనకమైన భాగం మరొకటి ఉంది. అడవులు నరికి తోటలు వేసిన కాలంలో ఈ పక్షి ఆ ద్వీపం నుండి కనుమరుగైంది. బూన్ లే పరిసరాలు కూడా అలా మారినవే. ఆ ప్రాంతానికి పేరునిచ్చిన చ్యూ బూన్ లే అనే వర్తకుడు రబ్బరు తోటల యజమాని. 1960 దశకంలో జురాంగ్ తీరపు మడ అడవులు, చిత్తడి నేలలు పూడి పారిశ్రామిక వాడలు లేచాయి. అనేక దశాబ్దాల తరువాత, 1994లో ఉబిన్ దీవిలో ఒక హార్న్‌బిల్ జంట కనిపించింది. 1997లో అక్కడ అవి గూడు పెట్టాయి.

అవి వచ్చాయి గాని వాటికి ఇళ్ళు కరువయ్యాయి. హార్న్‌బిల్ తనంతట తాను తొర్ర తొలచలేదు. పెద్ద వృక్షాలలో సహజంగా ఏర్పడిన తొర్ర దొరకాలి. కొత్తగా పెరిగిన చెట్లకు అంత బోదె ఉండదు. 2004లో మార్క్ క్రెమాడెస్, డాక్టర్ ఎన్‌జి సూన్ చైల చొరవతో సింగపూర్ హార్న్‌బిల్ పథకం ప్రారంభమైంది. జాతీయ ఉద్యానాల సంస్థ, జురాంగ్ పక్షి ఉద్యానం, నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇందులో చేతులు కలిపాయి. చివరి రెండూ బూన్ లేకు పొరుగువే. కృత్రిమ గూళ్ళను తయారుచేసి చెట్లకు అమర్చారు. లోపల కెమెరాలు, వేడిని తేమను కొలిచే పరికరాలు ఉంచారు. మూసుకొన్న తలుపు వెనుక ఆ తల్లి ఏం చేస్తున్నదో, పిల్లలు ఎలా పెరుగుతున్నాయో, లోపలి గాలి ఎలా ఉన్నదో చూడడం దాని వలన సాధ్యమైంది. పక్షులు ఆ గూళ్ళను అంగీకరించాయి. నేడు చాంగీ తీరంలోనూ, సెంటోసా చెట్లలోనూ, ఒక్కొక్కప్పుడు ఇళ్ళ కిటికీల దగ్గర కూడా హార్న్‌బిల్‌లు కనిపిస్తున్నాయి.

గూటి వేడిని కొలవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని అందులో లోతైన అర్థముంది. సజీవమైన పెద్ద చెట్టు బోదె మందంగా, తడిగా ఉండి పగటి వేడిని మెల్లగా లోనికి రానిస్తుంది, రాత్రి చలిని కూడా ఆపుతుంది. పలుచని చెక్కపెట్టె గబగబా వేడెక్కుతుంది. కావున గూడు అమర్చినప్పుడు నీడ ఉన్నదా, గోడ మందం చాలునా, గాలి ఆడుతున్నదా అని చూడడం తప్పనిసరి. అన్నిటికంటె మంచి గూడు ముసలి చెట్టే. నూరేళ్ళ చెట్టును కొట్టి నూరు మొక్కలు నాటినా ఆ తొర్ర నూరేళ్ళ వరకు తిరిగి రాదు. 2020లో సింగపూర్ పదేళ్ళలో పది లక్షల చెట్లు నాటే ఉద్యమాన్ని చేపట్టింది. వాటిలో ఎన్ని ముసలితనం వరకు నిలుస్తాయన్నదే రేపటి హార్న్‌బిల్‌కు ముఖ్యమైన లెక్క.

ఈ ఉదాహరణలన్నీ ఒకే విషయాన్ని తెలుపుతున్నాయి. అనుకూలనం ప్రాణి ఒంటరిగా చేయగల ఘనకార్యం కాదు. చోటు మార్చాలంటే పోవడానికి చోటుండాలి. కాలం మార్చాలంటే ఆ కాలానికి ఆహారం ఉండాలి. ఒడలు మార్చాలంటే తరాలు గడిచేంత వ్యవధి ఉండాలి. వేడి పెరిగే వేగాన్ని తగ్గించడం దేశాలన్నీ కలిసి చేయవలసిన పని. చోటును మిగల్చడం ఒక ఊరు, ఒక పేట కూడా చేయగలవు. తేలినీలాపురం ప్రజలు ఏ శాస్త్రగ్రంథం చదవకుండానే ఆ పని చేశారు. జురాంగ్ శాస్త్రజ్ఞులు పరికరాలతో చేశారు. మార్గాలు వేరైనా వచ్చిన అతిథికి ఇల్లు చూపిన మర్యాద ఒక్కటే.

పిల్లలకు కొన్ని పరిశీలనలు

1. ఇంటి దగ్గర కోకిల కూసిన తేదీ, సమయం ఒక పుస్తకంలో వ్రాయండి. ఉగాదికి మాత్రమే కూస్తున్నదా, ఇతర మాసాల్లోనూ వినిపిస్తున్నదా? స్వదేశంలోని తాతయ్యను కూడా వ్రాయమని కోరి, రెండు పుస్తకాలనూ పోల్చండి.

2. మధ్యాహ్నం రెండు గంటలకు పెద్ద చెట్టు నీడలోనూ, తారు వేసిన నేలమీదనూ ఉష్ణోగ్రత కొలవండి. తేడా ఎంత? ఆ తేడా ఒక పక్షికి ఏమవుతుంది?

3. మైనా గాని, కాకి గాని ముక్కు తెరచి రొప్పుతూ ఉన్నప్పుడు దానిని కొంతసేపు గమనించండి. అది ఆహారం వెదకుతున్నదా, ఊరక కూర్చున్నదా?

4. మీ పేటలో అన్నిటికన్నా పెద్ద చెట్టు ఏది? దానికి తొర్ర ఉన్నదా? అందులో ఎవరు కాపురమున్నారు?

నాలుగవ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ చెట్టు బోదె దగ్గర తలెత్తి నిలబడిన పిల్లవాడికి ఏదో ఒకరోజు సన్నని చీలికలో కదిలే ముక్కు కొన కనిపించవచ్చు. అప్పుడు చప్పుడు చేయకుండా వెనుదిరగాలి. లోపల ఒక తల్లి ఉంది, తలుపు తెరిచే రోజు కోసం ఎదురుచూస్తున్నది.